మూత తీసి మళ్ళీ పెట్టేలోపు

మా అమ్మాయి 22 నెలల వయసులో ఒక మాత్ర మింగింది, లేదా మింగిందని మేము అనుకున్నాము. ఆ తరువాత మమ్మల్ని పలకరించినవాళ్ళందరూ దాదాపు ఒకే ప్రశ్న అడిగారు: "ఇంట్లో ఇంతమంది ఉండి కూడా పిల్లను ఎవరూ చూసుకోలేదా?" బంధువులు ఫోనులో అడిగారు, పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అడిగారు, ఆసుపత్రిలో వివరాలు రాసుకున్న నర్సు కూడా కొంచెం మెత్తగా అదే మాట అడిగింది. ఆ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరూ నా భార్య ముఖంలోకి చూసే అడిగారు. నేనూ ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాను, సంఘటన జరిగినప్పుడు ఆ గదికి ఆవిడ కంటే దగ్గరగా ఉన్నదీ నేనే, అయినా నన్ను ఎవరూ అడగలేదు. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టకపోవడం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

జరిగింది ఇది. మా అమ్మ కొన్ని రోజులు మాతో ఉండడానికి వచ్చింది. కీళ్ళ నొప్పుల వల్ల ఆవిడ వేళ్ళకు రేకులో ఉన్న మాత్రను నొక్కి బయటికి తీసే బలం లేదు. అందుకని ప్రతి ఆదివారం నేనే కూర్చుని, వారానికి సరిపడా మాత్రలన్నీ రేకుల నుంచి తీసి, ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్దేవాడిని. అంతకు ముందు వారం ఆ డబ్బా ఖాళీ అయినప్పుడు, ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి దాన్ని ఆమె చేతికి ఇచ్చింది కూడా నేనే. ఏడు మూతలనూ టక్కు టక్కుమని తెరుస్తూ మూస్తూ అరగంట సేపు ఆడుకుంది. మేము చూసి మురిసిపోయాము. ఇది జరిగిన కొద్ది రోజులకు, ఒక గురువారం ఉదయం, అమ్మ ఆ రోజు అర మూత తీసి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి డబ్బా కింద పడి ఉంది, పిల్ల నేల మీద కూర్చుని ఉంది, మాత్రల్లో ఒకటి లెక్క తగ్గింది. తగ్గింది చక్కెర వ్యాధికి వాడే గ్లిమెపిరైడ్.

ఆ మాత్ర చక్కెర వ్యాధి లేని చిన్న పిల్లల్లో రక్తంలోని చక్కెరను ప్రమాదకర స్థాయికి దించగలదు, అది కూడా వెంటనే కాకుండా కొన్ని గంటల తరువాత దించవచ్చు. అందుకే పిల్ల నవ్వుతూ ఆడుకుంటున్నా డాక్టరు ఇంటికి పంపలేదు, 24 గంటలు ఉంచుకున్నారు. గంటకోసారి వేలికి సూది గుచ్చి చక్కెర చూశారు. మొదటి రెండు సార్లు ఏమవుతుందో తెలియక చెయ్యి చాపింది. మూడోసారి ఏడ్చింది. నాలుగోసారి నర్సు తలుపు దగ్గర కనిపించగానే రెండు పిడికిళ్ళూ బిగించి చంకల్లో దాచుకుంది. చక్కెర మాత్రం ఒక్కసారి కూడా పడిపోలేదు. మరునాడు ఇల్లు ఊడుస్తుంటే సోఫా కాలి వెనక లేత ఆకుపచ్చ మాత్ర ఒకటి దొరికింది, ఒక అంచు నానిపోయి, దుమ్ము అంటుకుని. నోట్లో పెట్టుకుని ఉమ్మేసి ఉంటుంది.

అంతా సవ్యంగా ముగిసింది కనుక ఈ విషయాన్ని తాపీగా ఆలోచించే అవకాశం నాకు దక్కింది. ఆలోచించిన కొద్దీ "ఎవరు చూసుకుంటున్నారు?" అన్న ప్రశ్నే మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ ప్రశ్నలో ఒక నమ్మకం దాగి ఉంది: పెద్దవాళ్ళు రెప్ప వేయకుండా కాపలా కాస్తే పిల్లలు క్షేమంగా ఉంటారని. కానీ అలా కాపలా కాయడం మనిషి వల్ల కాదు. వల్ల కాని దాన్ని తల్లిదండ్రుల కర్తవ్యంగా చెప్పి, అది తప్పినప్పుడు నిందించి ఊరుకోవడం వల్ల అసలు చేయవలసిన పనులు పక్కకు పోతున్నాయి.

ప్రమాదం అన్న మాట

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పేజీల్లో "యాక్సిడెంట్" అన్న మాటను వాడకూడదని నిర్ణయించుకుంది. ఆ మాట వినగానే జరిగినదాన్ని ముందుగా ఊహించలేమని, ఆపలేమని అర్థం స్ఫురిస్తుంది కాని, గాయాల్లో చాలా భాగం ఊహించదగినవే, ఆపదగినవే అన్నది సంపాదకుల వాదన. మన భాషలో ఈ చిక్కు మరో రకంగా ఉంది. ప్రమాదం అన్న సంస్కృత పదానికి మూలార్థం ఏమరపాటు. "ప్రమాదో ధీమతామపి" అన్నప్పుడు మనం చెప్పేది ఎంత తెలివైనవాడికైనా ఏమరపాటు తప్పదనే. అంటే ఇంగ్లీషు మాట తప్పును విధి మీదికి నెడుతుంటే, మన మాట పుట్టుకలోనే తప్పును మనిషి అజాగ్రత్త మీద పెట్టింది. మాటను నిషేధించాలని నేను అనను, అంత పట్టుదల నాకు లేదు. అయితే ఆ సామెతలోని చివరి "అపి", అంటే "కూడా" అన్న మాట, మాత్రం నాకు పనికొస్తుంది. ఏమరపాటు ధీమంతుడికే తప్పనప్పుడు, రాత్రంతా నిద్ర లేని తల్లికి, వేళ్ళు పట్టు తప్పిన నాయనమ్మకు, ఫోను మోగితే పరుగెత్తే తండ్రికి తప్పుతుందా? తప్పదని ముందే ఒప్పుకుని ఇంటిని సర్దుకోవడమే ఉన్న దారి.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం కలిగింది. నా తప్పును ప్లాస్టిక్ డబ్బా మీదికి నెట్టేసి తేలికపడాలని చూస్తున్నానేమో అని. చాలా రోజులు ఈ అనుమానం వదలలేదు. చివరికి నాకు తోచినది ఏమిటంటే, ఇలా ఆలోచిస్తే నా బాధ్యత తగ్గకపోగా పెరుగుతుంది. గురువారం ఉదయం ఆ ఒక్క నిమిషంలో అమ్మ చేసింది ఎవరైనా చేసే పని. కానీ ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ తొందరపెట్టకుండా, తాపీగా కూర్చుని, మాత్రలను వాటి రేకుల నుంచి తీసి, పిల్ల తెరవగలదని నా కళ్ళతో చూసిన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పిల్లకు అందే బల్ల మీద ఉంచింది నేను. గాభరాలో ఉన్న నిమిషానికి క్షమాపణ ఉంది. తీరికగా ఉన్న గంటకు లేదు.

ఆ కాస్త సమయం

పిల్లలకు హాని చేసే వస్తువులను దాచిపెట్టాలని అందరికీ తెలుసు, చాలామంది దాచిపెడతారు కూడా. చిక్కు దాచిన వస్తువుతో రాదు, దాన్ని బయటికి తీసినప్పుడు వస్తుంది. నేల తుడిచే మందు బకెట్టులో పోసి సీసాను పక్కన పెట్టిన సమయం, జ్వరం మందు ఒక డోసు తాగించి సీసాను మంచం పక్కన వదిలి పిల్లను ఊరడిస్తున్న సమయం, ఒక మూత తీసి నీళ్ళ కోసం వెళ్ళిన సమయం. అమెరికాలో 2020లో వెలువడిన ఒక అధ్యయనం పిల్లలు మాత్రలు మింగిన కేసులను పరిశీలించింది. వాటిలో సగానికి పైగా సందర్భాల్లో ఆ మాత్రలను అసలు సీసా నుంచో రేకు నుంచో పెద్దవాళ్ళు అప్పటికే బయటికి తీసి ఉంచారని తేలింది. మూత ఎంత గట్టిదైనా దాని వెనక ఉన్న మాత్రనే కాపాడుతుంది కదా. నేను ఆదివారాల్లో చేసిన పని సరిగ్గా ఇదే.

ఈ సమయాన్ని పూర్తిగా లేకుండా చేయలేము, కుదించగలము. వాడిన వస్తువును చేతిలోంచి దించకముందే మూత పెట్టడం, మూత పెట్టాకే పిల్ల దగ్గరికి వెళ్ళడం అన్న వరుస అలవాటైతే చాలా మేలు. మధ్యలో పిలుపు వస్తే సీసాను కూడా చేత్తో పట్టుకుని వెళ్ళాలి. ఇది వినడానికి వెర్రిగా ఉంటుంది. మా ఇంట్లో ఇప్పుడు వీధి తలుపు తీయడానికి ఫినాయిలు సీసాతో వెళ్ళినవాళ్ళను చూసి ఎవరూ నవ్వరు.

మరొక రకం పొరపాటు ఇంతకంటే పాతది, ఇంతకంటే ఘోరమైనది. ఒక వస్తువును మరొక వస్తువు సీసాలో పోయడం. కిరోసిను, యాసిడ్, రంగులో కలిపే టర్పెంటైన్ మంచినీళ్ళ సీసాలోనో శీతల పానీయం సీసాలోనో ఉంటే, పిల్లవాడు దాన్ని తాగడంలో ఏ పొరపాటూ లేదు. దాహం వేసింది, సీసా కనిపించింది. ఆ సీసాలో ఉండేది తాగేదేనని వాడికి నేర్పింది మనమే. కిరోసిను కడుపులోకి వెళ్ళినదాని కంటే ఊపిరితిత్తుల్లోకి జారినది ఎక్కువ హాని చేస్తుంది. అందుకే దాన్ని కక్కించబోతే గొంతు దాకా వచ్చి మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి జారే అవకాశం పెరుగుతుంది. యాసిడ్ వంటివి లోపలికి పోతూ ఒకసారి కాలుస్తాయి, కక్కిస్తే పైకి వస్తూ రెండోసారి కాలుస్తాయి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించాలన్న పెద్దల సలహా ఎంత ప్రేమతో చెప్పినదైనా పాటించకూడనిది.

వైద్యులు కూడా ఈ విషయంలో తమ మాట తాము మార్చుకున్నారు. వాంతి కలిగించే ఇపికాక్ సిరప్ సీసాను ప్రతి ఇంట్లో ఉంచుకోవాలని అమెరికాలో శిశువైద్యులు దశాబ్దాల పాటు చెప్పారు. దాని వల్ల మేలు జరుగుతుందన్న ఆధారం లేదని గ్రహించి, 2003లో అక్కడి శిశువైద్యుల సంఘమే ఇళ్ళలో దాన్ని ఉంచవద్దని, ఉన్నదాన్ని పారేయమని చెప్పింది.

మూత కథ

ఇంటిని సర్దుకోవాలనడం సులువు, దాని వల్ల నిజంగా ఫలితం ఉంటుందా అన్నవారికి నేను చూపగలిగేది మందు సీసా మూత. 1940ల చివర అమెరికాలో నారింజ రుచితో తియ్యగా ఉండే పిల్లల యాస్పిరిన్ వచ్చింది. మందు మింగించడం తేలికైంది, దాంతోపాటు పిల్లలు తమంతట తామే వెతికి తినడమూ తేలికైంది. మూతను అరచేత్తో నొక్కి తిప్పితేనే తెరుచుకునే సీసాను 1960ల్లో కెనడాలోని విండ్సర్ నగరంలో శిశువైద్యుడు హెన్రీ బ్రో పట్టుబట్టి చేయించాడు. విషం మింగిన పిల్లల పొట్టలు కడిగి కడిగి విసిగిపోయిన మనిషి. తల్లులకు మరొక ఉపన్యాసం ఇవ్వడం మాని, మూత మార్చే పని పెట్టుకున్నాడు. 1967లో ఆ మూత వాడకంలోకి వచ్చింది. అమెరికా 1970లో ఇటువంటి మూతలను తప్పనిసరి చేసే చట్టం చేసింది. పిల్లల యాస్పిరిన్ సీసాకు 36 మాత్రలకు మించకుండా పరిమితి పెట్టుకోవడం మరొక తెలివైన పని. మూత ఓడిపోయినా సీసాలో ఉన్నది ప్రాణం తీసేంత ఉండకూడదన్నది దాని వెనక ఆలోచన. తండ్రి చూపు, తల్లి చూపు, మూత, పరిమాణం, వీటిలో ఏ ఒక్కదానిపైనా భారమంతా వేయకపోవడమే నాకు ఇందులో నచ్చింది.

దీనికి గట్టి ఎదురువాదం ఉంది. 1984లో ఆర్థికశాస్త్రవేత్త కిప్ విస్కూసీ ఈ మూతలు తల్లిదండ్రులకు లేని ధీమా కలిగిస్తున్నాయని వాదించాడు. గట్టి మూత ఉంది కదా అని సీసాను అందే చోట పెడతారు, తెరవడం విసుగై మూత వదులుగానే ఉంచేస్తారు అన్నాడు. ఈ మాటను కొట్టిపారేయలేను. మా అమ్మ సొంత ఇంట్లో అటువంటి మూతలున్న సీసాలు రెండున్నాయి, రెండింటి మూతలూ పక్కనే పడి ఉంటాయి. ఆవిడ నిర్లక్ష్యం వల్ల కాదు, ఆ మూత ఆవిడను కూడా పిల్లల లెక్కలోనే వేసి తెరుచుకోవడం మానేసింది కనుక. నిబంధనలు రాసినవారు కూడా ఈ సంగతిని ఆలస్యంగా గ్రహించారు. మొదట్లో అమెరికాలో ఆ మూతలను 18 నుంచి 45 ఏళ్ళ వాళ్ళ చేత పరీక్షించేవారు. 1995లో మార్చిన నిబంధనల ప్రకారం 50 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు తెరవగలగాలి. అయితే మొత్తం మీద మూత గెలిచిందా ఓడిందా అన్నదానికి 1996లో వచ్చిన ఒక లెక్క ఉంది. డాక్టర్లు రాసే మందులకు ఈ మూతలు పెట్టడం వల్ల 1974 నుంచి 1992 దాకా అమెరికాలో అయిదేళ్ళ లోపు పిల్లల మరణాలు సుమారు 460 తప్పాయని అందులో అంచనా వేశారు. ధీమా వల్ల జరిగిన నష్టాన్ని మినహాయించుకున్నాకే ఆ పిల్లలు బతికారు.

ఆ మూతను "పిల్లలు తెరవలేని మూత" అనడం కూడా నిజం కాదు. పరీక్ష ఎలా చేస్తారో చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. 42 నుంచి 51 నెలల వయసున్న పిల్లలకు సీసా ఇచ్చి అయిదు నిమిషాలు చూస్తారు. తరువాత ఎలా తెరవాలో ఒకసారి చేసి చూపించి, కావాలంటే పళ్ళతో కూడా ప్రయత్నించవచ్చని చెప్పి, మరో అయిదు నిమిషాలు ఇస్తారు. మొదటి అయిదు నిమిషాల్లో నూటికి 85 మంది, పది నిమిషాలూ ముగిశాక 80 మంది తెరవలేకపోతే మూత పరీక్ష నెగ్గినట్టే. అంటే నూటికి ఇరవై మంది తెరిచినా దానికి అనుమతి దొరుకుతుంది. మూత పిల్లను ఆపదు, మనం చేరుకునేదాకా కొన్ని నిమిషాలు ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ ఆలస్యానికి నేను విలువ ఇస్తాను, కానీ ఆ సీసాను ఎత్తున పెట్టి తలుపు వేయడం మానను.

బొమ్మలు, రుచులు, పేర్లు

మూతల కంటే చవకగా అయిపోయే మార్గం ఒకటుంది: పిల్లలకు నేర్పడం. విషం సీసాల మీద ఉండే పుర్రె గుర్తు సముద్రపు దొంగల ఆటను గుర్తుచేసి పిల్లలను రా రమ్మంటోందని, 1971లో పిట్స్‌బర్గ్‌లోని పిల్లల ఆసుపత్రి నాలుక బయటపెట్టి మొహం చిట్లించిన ఆకుపచ్చ బొమ్మను తయారుచేసింది. దాని పేరు మిస్టర్ యక్. తరువాత చేసిన పరిశీలనల్లో, బాగా చిన్న పిల్లలను ఆ బొమ్మ వెనక్కి తగ్గించలేదని తేలింది. రెండేళ్ళ పిల్ల దృష్టిలో సీసా మీద బొమ్మ ఉండడమే ఆ సీసా తనదని చెప్పడం. నేర్పడం వద్దని నేను అనడం లేదు, అయిదారేళ్ళు వచ్చాక తప్పక నేర్పాలి. కానీ ఎక్కువ ప్రమాదం ఉన్న వయసు ఒకటి నుంచి మూడేళ్ళ లోపు. ఆ వయసులో ప్రపంచాన్ని తెలుసుకోవడానికి నోరే సాధనం.

మనం మాటలతో నేర్పేది మాత్రం పిల్లలు ఇట్టే నేర్చుకుంటారు, అది కూడా తలకిందులుగా. మందు తాగడానికి మారాం చేస్తే "ఇది చాక్లెట్టురా, తియ్యగా ఉంటుంది" అని బుజ్జగించని ఇల్లు అరుదు. నేనూ అన్నాను. ఆ ఒక్క పూట మందు లోపలికి పోతుంది, ఆ తరువాత ఇంట్లో ఉన్న ప్రతి రంగు మాత్రకూ మనం పెట్టిన ఆ పేరే అంటుకుంటుంది. చక్కెర పూతతో ఉండే ఐరన్ మాత్రలు, మెరిసే సబ్బు గుళికలు ఇప్పటికే చూడడానికి మిఠాయిల్లా ఉంటాయి, వాటికి మన సిఫారసు కూడా తోడవ్వాలా?

తాళం వేసుకునే అలమర లేని ఇల్లు

నా వాదనకు అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇది: ఎత్తయిన అలమర, దానికి గొళ్ళెం, వాడని గది, ఇవన్నీ ఉన్నవాడు చెప్పే కబుర్లు. ఒకే గదిలో వండుకుని, పడుకుని, కిరోసిను పొయ్యి పక్కనే పిల్లలు పాకే ఇంట్లో దేన్ని ఎక్కడ పెడతారు? ఈ అభ్యంతరం న్యాయమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన నివేదిక ప్రకారం విషాల వల్ల 2004లో 45 వేల మందికి పైగా పిల్లలు, ఇరవై ఏళ్ళ లోపు యువకులు మరణించారు. పేద దేశాల్లో ఆ మరణాల రేటు చాలా ఎక్కువ. అక్కడి తల్లులు తక్కువ జాగ్రత్తగా ఉన్నారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నిజానికి ఈ అభ్యంతరమే "జాగ్రత్తగా ఉండండి" అన్న సలహా ఎంత డొల్లో చూపిస్తుంది. దక్షిణాఫ్రికాలో ఒక ప్రాంతంలో కిరోసినుకు పిల్లలు సులువుగా తెరవలేని డబ్బాలు ఇళ్ళకు పంచి చూశారు. 1994లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ ప్రాంతంలో పిల్లలు కిరోసిను తాగిన కేసులు దాదాపు సగానికి తగ్గాయి. ఇళ్ళు అవే, గదులు అవే, తల్లులు వాళ్ళే. ఇంటివాళ్ళ చేతిలో లేని పని తయారీదారు చేతిలోనో ప్రభుత్వం చేతిలోనో ఉంటుంది, అక్కడ అడగవలసింది అక్కడ అడగాలి. బొత్తాంలా ఉండే లిథియం బ్యాటరీల విషయం ఇటువంటిదే. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చగల ఆ బిళ్ళను, గోటితో ఊడొచ్చే మూత వెనక రిమోటులో పెట్టి అమ్మి, తల్లి కన్ను చాలలేదనడం అన్యాయం. అమెరికా 2022లో దీనికి చట్టం చేసింది. మా ఇంట్లో రిమోటులన్నిటి వెనకా నేను చుట్టిన టేపు ఉంది, చూడడానికి అసహ్యంగానే ఉంటుంది.

అమ్మ మళ్ళీ వచ్చింది

పోయిన నెల అమ్మ మళ్ళీ వచ్చింది. రాగానే ఆవిడ చేతి సంచిని తలుపు వెనక పై కొక్కేనికి తగిలించాను. ఏడు అరల డబ్బా ఇప్పుడు లేదు. రేకులన్నీ ఒక ఇనప డబ్బాలో, అటక మీద ఉన్నాయి. ఉదయం ఎనిమిదికి నేనే డబ్బా దించి, ఆ పూట మాత్రలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, నీళ్ళు అందించి, మింగిన తరువాత డబ్బా ఎత్తిపెడతాను. "చిన్నపిల్లకు పెట్టినట్టు పెడుతున్నావురా," అని మొదటి రోజు చిన్నబుచ్చుకుంది. ఆవిడ స్వతంత్రాన్ని నేను కొంత తీసేసుకున్న మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మాయికి ఇప్పుడు సరిగ్గా 42 నెలలు, మూతలను పరీక్షించే పిల్లల వయసు. ఖాళీ సీసా ఒకటి చేతికిచ్చి, గడియారం పట్టుకుని చూడాలని ఒక సాయంత్రం బుద్ధి పుట్టింది. ఏడు అరల డబ్బా గుర్తొచ్చి మానుకున్నాను. మొన్న ఆదివారం నేను గదిలోకి వెళ్ళేసరికి, భోజనాల బల్ల దగ్గర ఉండవలసిన కుర్చీ అటక కింద ఉంది. దాని మీద ఎవరూ లేరు. పిల్ల పక్క గదిలో బొమ్మలతో ఆడుకుంటోంది, అడిగితే తెలియదంది. కుర్చీని తీసి మళ్ళీ బల్ల దగ్గర పెట్టి, ఇనప డబ్బాకు తాళం కప్ప కొనడానికి బయలుదేరాను.